తాకరాదు

మనవల్ని మొదటిసారి సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్లినప్పుడు నేను చేసిన తప్పల్లా టికెట్టు డబ్బులు గిట్టుబాటు చేసుకోవాలని చూడటమే. దాదాపు 40 గ్యాలరీలు. ఒక్కటీ వదలకూడదని పట్టుబట్టాను. ఇదిగో చైనా పింగాణీ, అదిగో జపాను పట్టు, ఇవి నిజాం కాలం కత్తులు, అవి జేడ్ గిన్నెలు, పదండి, పదండి. తిరుపతిలో దర్శనం క్యూని నడిపించేవాళ్లు కూడా అంత నిర్దాక్షిణ్యంగా ఉండరు. మూడున్నర గంటలు తిప్పాను. మోకాళ్ల నొప్పులు నావి, ఆవలింతలు వాళ్లవి.

ఇంటికొచ్చాక మా అమ్మాయి, "ఏం చూశార్రా?" అని అడిగింది.

"గడియారం" అన్నాడు తొమ్మిదేళ్ల పెద్దాడు.

"ఐస్‌క్రీమ్" అంది ఆరేళ్ల చిన్నది.

ఐస్‌క్రీమ్ సంగతి అలా ఉంచండి. గడియారం ఎందుకు గుర్తుందా అని ఆ రాత్రి ఆలోచించాను. ఆ పాత సంగీత గడియారం ముందు గంట కొట్టే వేళకి జనం చేరతారు. లోపల్నుంచి గడ్డం మనిషి బుల్లి బొమ్మ ఒకటి బయటికొచ్చి గంట కొట్టి వెళ్లిపోతుంది. దానికోసం మేమూ చతికిలబడి ఎదురుచూశాం. ఆ రోజంతా మేం కూర్చున్నది అక్కడొక్కచోటే. మిగతావన్నీ దాటుకుంటూ పోయినవి. దాటిపోయినదాన్ని చూశామని ఎలా అంటాం? రైలు కిటికీలోంచి కనబడ్డ ఊళ్లన్నిటికీ వెళ్లొచ్చామని చెప్పుకున్నట్టు ఉంటుంది.

అదే రాత్రి, మ్యూజియంలో ఏ బొమ్మ ముందూ పట్టుమని పది లెక్కపెట్టేంతసేపు నిలబడని చిన్నది, మంచం మీద బోర్లా పడుకుని ఒక పుస్తకంలో ఒకే పేజీని అరగంట చూసింది. మిక్కీ పటేల్ గీసిన రూపా అనే ఏనుగు కథ అది, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లది. తన బూడిద రంగు తనకే నచ్చక రంగులు కావాలనుకున్న ఏనుగు. చదవడం అయిపోయినా పుస్తకం వదల్లేదు. వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకి తిప్పింది. వేలు పెట్టి ఏనుగు వీపు మీదుగా తోక దాకా ఒక గీత గీసింది. అప్పుడు నాకు తట్టింది. ఈ పిల్లకి చూడ్డం రాకపోవడం కాదు. నాకే చూపించడం రాలేదు.

పిల్లలు బొమ్మల పుస్తకాన్ని ముందు చేతుల్తో చదువుతారు. చంటివాళ్లయితే నోటితో కూడా. పేజీ తిప్పడం, నచ్చితే వెనక్కి రావడం, వేలుతో చూపించడం, భయమేసిన బొమ్మ మీద అరచెయ్యి పెట్టి మూసేయడం, నచ్చనివాడి మొహానికి పెన్సిలుతో మీసాలు దిద్దడం. మా విజయనగరం ఇంట్లో చందమామ వచ్చిన రోజున జరిగే యుద్ధం నాకింకా గుర్తే. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక నాకంటే పెద్దది. ముఖచిత్రం మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మ ఉంటే, మూల ఆయన చేసిన 'వ.పా.' సంతకం ముందు ఎవరు వెతికి పట్టుకుంటే పుస్తకం మొదట వాళ్లకి. మా అన్నయ్య దొంగ. శంకర్ గీసిన విక్రమార్కుడు భుజాన శవంతో నడుస్తున్న బొమ్మ దగ్గర అక్షరాల మీద చెయ్యి అడ్డం పెట్టి, "కథ నేను చెప్తాను, నువ్వు బొమ్మ చూడు" అనేవాడు. వాడు చెప్పేది శుద్ధ అబద్ధం. కానీ వాడి అబద్ధాలకి సాక్ష్యం దొరుకుతుందేమోనని నేను ఆ బొమ్మని అంగుళం అంగుళం వెతికేదాన్ని. బొమ్మని చూడ్డం నేర్చుకున్నది అలాగే. పుణ్యం వాడిదే.

మ్యూజియం మొట్టమొదట కట్టేసేది ఆ చేతుల్నే. 'తాకరాదు.' న్యాయమే మరి. అన్ని వేల చేతులు తగిలితే పాలరాయైనా అరుగుతుంది, గుళ్లో గడప అరిగినట్టు. కానీ తాకి తెలుసుకునే వయసులో ఉన్న పిల్లల్ని తాకకూడని చోటికి తీసుకెళ్లి, "బాగా చూడండి" అనడంలో ఒక అన్యాయం కూడా ఉంది. చేతులు కట్టేసుకోమన్నాక, ఆ చేతుల పని కళ్లు చెయ్యాలని ఎవరు నేర్పాలి?

ఇది ప్రపంచంలో నా ఒక్కదానికే తట్టిన సంగతేం కాదు. ఇవాసాకి చిహిరో అనే జపాను చిత్రకారిణి 1974లో చనిపోయాక, టోక్యోలో ఆమె ఇల్లున్న చోటే 1977లో బొమ్మల పుస్తకాల చిత్రాల కోసం ఒక మ్యూజియం తెరిచారు. అక్కడ పిల్లల కళ్లకి అందేలా బొమ్మల్ని కాస్త కిందికి వేలాడదీస్తారు. ఆమె మనకి తెలియని మనిషేమీ కాదు. మనవాళ్లు 'రైలు బడి' పేరుతో చదువుకున్న టోటోచాన్ పుస్తకానికి జపానులో వేసిన బొమ్మలు ఆవిడవే. ఇంగ్లండులో ఆంథనీ బ్రౌన్ అనే ఆయన లండన్ టేట్ మ్యూజియంలో కొన్నాళ్లు పిల్లలతో పనిచేసి, ఆ అనుభవంతో 2003లో ఒక పుస్తకమే వేశాడు. మ్యూజియం అంటే మొహం చిట్లించుకునే ఒక కుటుంబం అక్కడికెళ్లి బొమ్మల్లో పడిపోయే కథ. ఆ పుస్తకంలో తండ్రిని చూస్తే మా అల్లుడు గుర్తొస్తాడు. ఎక్కడికెళ్లినా పాత జోకులే.

మొదటిసారి బుద్ధొచ్చినదాన్ని కదా, రెండోసారి తయారయ్యే వెళ్లాను. అతి తెలివితో. మ్యూజియంలో రవివర్మ చిత్రాలున్నాయని తెలిసి, ముందే ఒక పుస్తకంలో వాటి అచ్చులు పిల్లలకి చూపించి, "అక్కడికెళ్లాక ఇవెక్కడున్నాయో కనిపెట్టాలి" అన్నాను. పెద్దాడు హాల్లో పరుగెత్తాడు. ఒక చిత్రం ముందు ఆగాడు. "దొరికింది!" అని అరిచాడు. వెంటనే వీపు తిప్పి రెండోదాని వేటలో పడ్డాడు. దొరికిన చిత్రాన్ని వాడు చూడనే లేదు. పోలీసులు ఫోటో చేత్తో పట్టుకుని దొంగని పట్టినట్టు, అచ్చుతో సరిపోయిందా లేదా అన్నదొక్కటే వాడికి కావలసింది. అంతకుముందు ఆవలించిన పిల్లాడు ఇప్పుడు ఆయాసపడ్డాడు, అంతే తేడా. పుస్తకంలో ఉన్నదే గోడ మీద చూపిస్తే గోడ మీదున్నది పుస్తకానికి నకలైపోతుంది. ఏది అసలో ఏది అచ్చో తలకిందులైపోతుంది. (1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయం పెట్టి దేవుళ్ల బొమ్మలు అచ్చేసి ఇంటింటికీ పంచినప్పటినుంచీ మనకి ఈ తికమక అలవాటే. మా పూజగదిలో లక్ష్మీదేవి పటాన్ని నేను ఏనాడూ 'చిత్రం' అనుకోలేదు, అమ్మవారే అనుకున్నాను.)

మూడోసారికి లెక్క మార్చాను. చూడబోయేవి నాలుగే నాలుగు. బొమ్మకి బొమ్మ జతకట్టకూడదు. ఏ పుస్తకం పిల్లల చేతులకి ఏ పని నేర్పిందో చూసి, ఆ పని కళ్లకి అవసరమయ్యే బొమ్మ దగ్గరికి తీసుకెళ్లాలి. వారం రోజులు రాత్రిపూట ఆ పుస్తకాలే చదివాం. మ్యూజియం ఊసెత్తలేదు. ఆదివారం పొద్దున్నే పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఆటోలో మూసీ దాటాం.

గేటు దగ్గరే నా పథకానికి గండి పడింది. సంచి లోపలికి తీసుకెళ్లకూడదు, బయట పెట్టి టోకెను తీసుకోమన్నారు. పుస్తకాలన్నీ బయటే ఉండిపోయాయి. చిన్నది మొహం మాడ్చుకుంది. నాకూ కాసేపు కాళ్లాడలేదు. ఇప్పుడనిపిస్తుంది, అలా జరక్కపోతే మళ్లీ రెండోసారి లాగే తయారయ్యేది, పుస్తకం తెరిచి గోడకేసి చూపించి, 'సరిపోయిందా' అని అడుగుతూ.

ముందు ముసుగు వేసుకున్న రెబెకా. ఇటలీ శిల్పి బెంజోని పాలరాతిలో చెక్కింది. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోము నగరంలో కొని తెచ్చాడు. రాయి మీద తడిసిన మేలిముసుగు అంటుకుపోయినట్టుంటుంది, లోపల మొహం కనబడీ కనబడనట్టు. పెద్దవాళ్లం, "రాయితో పల్చటి బట్ట ఎలా చెక్కాడో" అని నోరు తెరుస్తాం. అది పనివాడి గొప్పతనం. పిల్లలకి ఆ గొప్పతనంతో పనిలేదు. మా చిన్నది మూడేళ్లప్పుడు ఎరిక్ హిల్ 1980లో వేసిన స్పాట్ అనే కుక్కపిల్ల పుస్తకం చింపేదాకా చదివింది. అందులో తలుపు బొమ్మ రేకు ఎత్తితే వెనక ఒక జంతువు ఉంటుంది. వారం రోజుల క్రితం ఆ చిరుగుల పుస్తకమే మళ్లీ తీశాను. రెబెకా ముందు నిలబడగానే దాని కుడిచెయ్యి తనంతట తానే పైకి లేచింది.

"చేతులు పెట్టకమ్మా" అన్నాడు కాపలా మనిషి మెత్తగా.

చెయ్యి వెనక్కి తీసుకుంది. కానీ కదల్లేదు. ఒక పక్కనుంచి చూసింది. వంగి గడ్డం కిందనుంచి చూసింది. "అమ్మమ్మా, ఈ రేకు ఎత్తడానికి రాదు. అందుకే కొంచెం కనబడేలా చేశారు" అంది. నేను కథ చెప్పాను. దూరదేశం నుంచి ఒంటె మీద వస్తున్న పెళ్లికూతురు, పెళ్లికొడుకుని దూరంగా చూడగానే ముసుగు లాక్కుంది అని. "మన పిన్ని పెళ్లిలో అడ్డుతెర పట్టుకున్నారే, అలాగా?" అంది. జీలకర్ర బెల్లం పెట్టేదాకా అటువాళ్లు ఇటు కనబడకూడదు, కానీ తెర కింద కాళ్లు కనబడతాయి. అవును, అలాగే.

అక్కణ్ణుంచి ఏనుగు దంతాల గదికి వెళ్లాం. ఇక్కడ నేను అనుకున్నది వేరు. రూపా పుస్తకం చదివాం కదా, దంతంలో చెక్కిన నగిషీ పని చూపిస్తే సంబరపడుతుందని. తెల్లగా, నునుపుగా, లేసు అల్లినట్టు చెక్కిన కుర్చీలున్నాయి. ఫ్రాన్సు రాజు టిప్పు సుల్తానుకి పంపించాడని చెప్పుకునేవి. నేను వాటి పనితనం గురించి మొదలుపెట్టాను.

"ఇది దేంతో చేశారు?" అంది చిన్నది.

"ఏనుగు దంతంతో."

"రూపాదా?"

"రూపాది కాదు. వేరే ఏనుగులవి."

"ఇచ్చిందా?"

జవాబు చెప్పడానికి నాకు కాస్త టైము పట్టింది. ఇచ్చిందని చెప్పలేను. పళ్లూడినట్టు ఊడిపోయిందని చెప్పొచ్చు, ఆరేళ్ల పిల్ల నమ్ముతుంది కూడా, ఆ నెలలోనే దానికి ముందు పళ్లు రెండూ ఊడాయి. కానీ చెప్పబుద్ధి కాలేదు. "ఇవ్వలేదు. తీసుకున్నారు. అప్పట్లో తప్పనుకునేవాళ్లు కాదు. ఇప్పుడు చట్టం ఒప్పుకోదు" అన్నాను. నా గొంతు నాకే లాయరు గొంతులా వినబడింది. పెద్దాడు ఊరుకోలేదు. "అమ్మమ్మా, ఒక కుర్చీకి ఎన్ని ఏనుగులు?" అన్నాడు. వాడికి లెక్కల్లో నూటికి నూరు వస్తాయి.

నాకు తెలిసి ఇది ఎవరి పాఠ్యప్రణాళికలోనూ ఉండదు. పుస్తకానికీ మ్యూజియానికీ జత కుదిరిస్తే పిల్లలకి కళ పట్ల ఇష్టం పెరుగుతుందని పెద్దలు చెప్తారు. పెరుగుతుంది, కాదనను. కానీ ఒక పుస్తకం పిల్లకి ఒక ఏనుగుని స్నేహితురాల్ని చేసి వదిలిపెట్టాక, ఆ పిల్ల దంతపు కుర్చీని మనలాగా చూడదు. మనం చెక్కినవాడి ఓర్పు చూస్తాం. అది దంతం పోగొట్టుకున్నదాని వైపు చూస్తుంది. యాభయ్యేళ్లలో ఎన్నిసార్లో ఆ గదిలోంచి నడిచాను. చుట్టాలొచ్చినప్పుడల్లా, "ఇది చూడండి, ఎంత పనితనమో" అని గొప్పగా చూపించాను, నేనేదో చెక్కినట్టు. ఏనుగు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ పనితనం ఇప్పటికీ అబద్ధం కాదు. చిన్నదాని ప్రశ్న కూడా అబద్ధం కాదు. రెండూ ఒకే అద్దం వెనక ఉన్నాయి, నేను ఒకటే చూస్తూ వచ్చాను. ఆ గదిలో ఇంకో పది నిమిషాలు ఉన్నాం. చిన్నది ఒక్కో వస్తువు దగ్గర ఆగి ఏమీ మాట్లాడకుండా చూసి కదిలింది. పలకరింపుకి వెళ్లిన ఇంట్లో ఉన్నట్టు.

మినియేచర్ల దగ్గర పెద్దాడి వంతు. వీటి విషయంలో నాకొక పిచ్చి సిద్ధాంతం ఉంది. గోల్కొండలోనో, బీజాపూరులోనో, హైదరాబాదులోనో గీసిన ఈ సూక్ష్మచిత్రాల్లో చాలా వాటిని గోడ కోసం గీయలేదు. అవి పుస్తకంలో పేజీలు. లేదా మురక్కా అని పిలిచే ఆల్బముల్లోని ఆకులు. తివాచీ మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుని, పక్కవాళ్లకి చూపించి, తిప్పుకుంటూ చూసుకునేవి. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా తన దక్కనీ కవితల్ని బొమ్మలతో రాయించుకున్న పుస్తకం ఈ మ్యూజియంలోనే ఉంది. అంటే ఈ ఊరు పుట్టిన రోజుల్లోనే బొమ్మల పుస్తకం కూడా ఉందన్నమాట, కాకపోతే చదివేవాడు రాజు. ఆ పేజీల్ని విడదీసి చట్రం కట్టి గోడకెక్కించాక, అవి అంత చిన్నగా ఎందుకున్నాయో మనకి అర్థం కావడం మానేసింది. దూరంగా నిలబడి, "ఏముంది ఇందులో" అని వెళ్లిపోతాం. ఒళ్లోకి తెచ్చుకునేంత దగ్గరికి వెళ్లాలి వాటికి.

అందుకే పెద్దాడికి వారం పాటు మా పాత చందమామ బైండు ఇచ్చాను, బోర్లా పడుకుని చదువుకోమని. వాడు ఒక సూక్ష్మచిత్రం అద్దానికి ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్లాడు. మేడ, మేడలో మనుషులు, పైన డాబా, వెనక తోట. "ఇది ఎక్కణ్ణుంచి చూసి గీశారు? లోపలా కనబడుతోంది, డాబా పైనా కనబడుతోంది" అన్నాడు. మంచి ప్రశ్న. నిలబడ్డ చోటునుంచి కంటికి ఆనినంతే గీయడం ఒక పద్ధతి. తనకి తెలిసినదంతా గీయడం ఇంకో పద్ధతి. మనిల్లు గుర్తు తెచ్చుకో, వంటగదీ డాబా మీద తులసికుండీ ఒక్కసారే గుర్తు రావూ? వస్తాయన్నాడు. "అయితే ఇది గుర్తు తెచ్చుకుని గీసింది" అని వాడే తేల్చేసి మళ్లీ ముక్కు ఆనించాడు. అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టింది. చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ చూశాడు. ఎంతసేపున్నాడో లెక్కపెట్టలేదు. నాకు కూర్చోడానికి చోటు దొరికింది.

చివర మెఫిస్టోఫిలిస్, మార్గరెటా. ఒకే సైకమోర్ దుంగలో ముందు వైపు మగవాడు, వెనక వైపు ఆడపిల్ల. గోథే రాసిన ఫౌస్ట్ కథలోని మనుషులు. ముందువాడు తలపైకి ముసుగు లాక్కుని వంకరనవ్వు నవ్వుతూ ఉంటాడు. వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న పిల్ల. గుంపులో అందరూ, "ఒకే చెక్కా? ఒకే చెక్కా?" అంటున్నారు. మావాళ్లు మాత్రం ఇటు చూసి, అద్దం వైపు చూసి, మళ్లీ ఇటు చూశారు. "పేజీ తిప్పినట్టుంది" అన్నాడు పెద్దాడు. నేను చెప్పించలేదు, ఒట్టు. ఒక పేజీకి రెండు వైపులు. ఎప్పుడూ రెండో వైపు ఏముందో చూడకుండా మొదటి వైపు గురించి ఏమీ చెప్పకూడదని ప్రతి పుస్తకమూ వాడికి చెప్తూనే వచ్చింది.

చిన్నదాని బాధ వేరు. అద్దంలో మార్గరెటా చేతిని చూపించి, "అమ్మమ్మా, ఆమె చేతిలో పుస్తకం ఉంది! మనల్ని తేనివ్వలేదు, ఆమెని ఎలా రానిచ్చారు?" అంది గట్టిగా. నిజమే, ప్రార్థన పుస్తకం. నేనెప్పుడూ గమనించలేదు. కాపలా ఆయన కూడా అద్దంలోకి ఇంకోసారి చూశాడు.

రెండు గంటల్లో బయటపడ్డాం. నలభైలో నాలుగో వంతు కూడా చూడలేదు. గడియారం దగ్గరికి వెళ్లనే లేదు, దానికి పెద్దాడు ఇప్పటికీ నన్ను క్షమించలేదు. టోకెను ఇచ్చి సంచి తీసుకున్నాం. మెట్రోలో చిన్నది నిద్రపోయింది, ఐస్‌క్రీమ్ అడగనైనా అడక్కుండా.

రాత్రి భోజనాలయ్యాక అది కాగితం ముందేసుకుని కూర్చుంది. మా అమ్మాయి గిన్నెలు సర్దుకుంటూ ఓసారి తొంగిచూసి వెళ్లింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. కాగితం మధ్యలో పెద్ద కుర్చీ, చుట్టూ చుక్కలు చుక్కలుగా నగిషీ. కుర్చీకి ముందు తాడు. తాడుకి ఇవతల ఏనుగు, దానికి ఆకుపచ్చా, గులాబీ, పసుపూ, పెట్టెలో ఉన్న క్రేయాన్సు అన్నీ. తొండం తాడు మీదుగా సాగి కుర్చీ చేతిని పట్టుకుంది.

"కూర్చోడానికి వచ్చిందా?" అన్నాను.

"కాదు."

"మరి అలా ముట్టుకోవచ్చా? కాపలా తాతయ్య కోప్పడడూ?"

తల ఎత్తకుండానే తొండానికి ఇంకో పూత వేసింది. "మనం ముట్టుకోకూడదు. దానిదేగా, అది ముట్టుకోవచ్చు."